నూట పన్నెండో బూత్‌లో సవతి

మొగుడు నవ్వితే కడుపు మండే ఆడది ఎక్కడైనా ఉంటుందా అని అడక్కండి. ఉంది. పేరు సత్యవేణి. విశాఖపట్నం గౌరీమెట్టలో మునిసిపల్ స్కూలు టీచరు. ఓట్ల సవరణ వచ్చిందంటే నూట పన్నెండో బూత్‌కి బీఎల్వో కూడా ఆవిడే. అంటే ఇల్లిల్లూ తిరిగి, ఎవరున్నారో ఎవరు పోయారో చూసి, ఓటర్ల జాబితా సరిచేసే మనిషన్నమాట. మెట్ట మీద పిల్లలకి టీచరమ్మ, పెద్దలకి ఓట్ల టీచరుగారు.

ఆవిడ భర్త పైడిరాజు నవ్వే రకం కాదు. పెళ్ళి ఫోటోలో కూడా ఎవరో చెయ్యి మెలిపెట్టి నిలబెట్టినట్టుంటాడు. ఊరి చివర కొండ మీద 'జనఛాయ' అనే కంపెనీలో ఇంజనీరు. పొద్దున్న మాట్లాడకుండా వెళ్ళి సాయంత్రం మాట్లాడకుండా వచ్చేవాడు. మంచివాడే, మాటే తక్కువ, ఏం చేస్తాం అని పద్నాలుగేళ్ళుగా సత్యవేణి సరిపెట్టుకుంది. అలాంటి మనిషి నెల్లాళ్ళుగా ఇంటికి వచ్చీ రాగానే కాఫీ గ్లాసుతో డాబా ఎక్కి, చెవుల్లో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, పిట్టగోడకి ఆనుకుని నవ్వుతున్నాడు. అరగంట. రోజూ. గ్లాసులో కాఫీ చల్లారిపోయినా తెలియనంత నవ్వు.

ఆఫీసు ఫోనే అనుకుందామని ఆవిడ చాలా ప్రయత్నించింది. కానీ ఆఫీసు వాళ్ళతో ఎవడైనా "ఇరవై నాలుగేళ్ళకే ఇంత పెంకితనమేటి నీకు?" అంటాడా?

ఆ మాట విన్న రోజు నుంచి సత్యవేణికి డాబా మీద పనులు ఎక్కువైపోయాయి. ఆరిన బట్టలే మళ్ళీ ఆరేసింది. తులసి మొక్కకి రోజుకి నాలుగుసార్లు నీళ్ళు పోస్తే అది పాపం కుళ్ళిపోయింది, ఆవిడ మనసులాగే. వారం తిరిగేసరికి చెవిన పడినవి మూడు. ఒకటి, ఇరవై నాలుగేళ్ళు. రెండు, "ఆ రేకుల మేడగదిలో ఎండెలా భరిస్తున్నావో" అన్న జాలి. మూడు, "ఫోటోలో ఆ పసుపు చీర ఎంత బాగుందో."

పసుపు చీరట! సత్యవేణి గుమ్మంలో నిలబడి ఏ చీర కట్టుకుందో చెప్పమంటే పైడిరాజు వెనక్కి తిరిగి చూసి చెప్పాల్సిందే. ఆ వారమే రక్తపరీక్ష కాగితం నింపుతూ, వయసు దగ్గర పెన్ను ఆపి, "నీకు ముప్పై ఐదా?" అని అడిగాడు.

"ముప్పై ఎనిమిది," అంది ఆవిడ.

"ఓహో," అన్నాడు. అంతే.

ఆ రాత్రి అన్నం దగ్గర ఆవిడే కదిపింది. "ఈమధ్య ఆఫీసులో పని బాగుందేటి? హుషారుగా ఉన్నారు."

పైడిరాజుకి పని గురించి అడిగితే చాలు, నోరు పెగులుతుంది. "మా ఛాయలు మాట్లాడుతున్నాయి సత్యా! ఒక ఏడాది ఓటర్ల జాబితా చూస్తే పేర్లే. పద్నాలుగేళ్ళ జాబితాలు ఒకదాని మీద ఒకటి పేర్చి చూడు, మనుషులు కనబడతారు. ఎవరు ఎప్పుడొచ్చారు, ఎవరి ఇంటి నెంబరు మారింది, ఎవరి పేరు పక్కన తండ్రి పేరు పోయి భర్త పేరొచ్చింది, ఎవరికి భర్త పేరు పోయి మళ్ళీ తండ్రి పేరొచ్చింది. అవన్నీ మరకి నేర్పి, మనిషికో గొంతు పెట్టాం, అదే ఛాయ. పేరు కొట్టి ఏదడిగినా, ఆ మనిషి ఏం చెబుతాడో అదే చెబుతుంది."

"జాబితాలు మీకెవరిచ్చారు?"

"పార్టీలకిస్తారు కదా. ఓ చిన్న పార్టీ పేరు మీద చక్రపాణి గారు తెప్పించారు." చక్రపాణి ఆ కంపెనీ యజమాని.

"మరి ఆ మనుషుల్ని అడిగారా, మీ ఛాయని తయారుచేసుకోవచ్చా అని?"

"ఛాయనే అడుగుతాం. ఛాయ ఆ మనిషిలాగే ఆలోచిస్తుంది కనక, ఛాయ ఒప్పుకుంటే మనిషి ఒప్పుకున్నట్టే. లాయర్లు కూడా సరే అన్నారు. చక్రపాణి గారి బుర్రంటే బుర్రే!" పైడిరాజు మజ్జిగ కలుపుకుంటూ తల వంచాడు. "మొదట్లో మొద్దుల్లా ఉండేవి. ఈమధ్యే ప్రాణం వచ్చింది."

ప్రాణం ఎలా వచ్చిందని అడిగి ఉంటే కథ అక్కడే తేలిపోయేది. కానీ సత్యవేణి ఆ మాటలు సగమే వింది. మిగతా సగం మనసు పసుపు చీర మీద ఉంది. అసూయ పట్టిన మనిషికి ఎదురుగా ఏనుగు నిలబడినా కనపడదు, దాని పక్కన ఎవరున్నారా అని చూస్తుంది.

మర్నాటి నుంచి ఓట్ల సవరణ మొదలైంది. సత్యవేణి చేతిలో బూత్ జాబితా ఉంది, తొమ్మిది వందల నాలుగు పేర్లు, ఫోటోలతో సహా. ఆవిడకి అందులో ఒక అలవాటుంది. ప్రభుత్వం ఇచ్చిన గళ్ళలో పట్టని సంగతులు అంచున పెన్సిలుతో రాసుకుంటుంది. ఈ ఇంట్లో కుక్క, గేటు బయటే పిలవాలి. ఈయనకి చెవుడు, ఎడం పక్క నిలబడాలి. ఈవిడ దగ్గర పెద్దకొడుకు పేరెత్తకూడదు. వీళ్ళు ముగ్గురూ జాబితాలో అన్నదమ్ములు, మాటల్లేవు, విడివిడిగా వెళ్ళాలి. పైవాళ్ళెవరూ రాయమన్నవి కావు. ఆరేళ్ళుగా మనుషుల్ని నొప్పించకుండా పని జరుపుకోడానికి రాసుకున్నవి. సొంత ఇంటి ఎదురుగా మాత్రం 'ఈ ఇంటికి వెళ్ళక్కర్లేదు' అని రాసుకుంది. తన గుమ్మంలో తనే నిలబడి తనని వాకబు చేసుకోదు కదా!

ఈసారి ఆ జాబితా వేరే పనికొచ్చింది. ఇరవై నాలుగేళ్ళ ఆడవాళ్ళని వరసగా టిక్కు పెట్టింది. పదకొండు మంది. ఇక పసుపు చీర. చిక్కేమిటంటే బీఎల్వోకిచ్చే కాగితాల్లో ఫోటోలు నలుపు తెలుపు. పసుపైనా తెల్లగంధం రంగైనా ఒకే బూడిద. భూతద్దం పెట్టి చూసినా బూడిదే. పదకొండు మందిలో లేతరంగు చీరలు నలుగురివి. ఆ నలుగురిలో మేడగదిలో ఉండేది ఒక్కర్తె. రేషన్ షాపు వెనక అప్పలకొండమ్మ ఇంటి మీద, రేకుల గదిలో. రోహిణి.

ఆ గది ఒకప్పుడు సత్యవేణిదే. పెళ్ళైన కొత్తలో పైడిరాజూ తనూ కాపురం పెట్టింది ఆ గదిలోనే. చూశారా, వెధవబుద్ధి! తమ గదిలోనే ఇంకొకర్తెని చూసుకున్నాడు.

రోహిణి ఎదురుగా పెన్సిలుతో ఏం రాసి ఉందో ఆవిడకి చూడకుండానే తెలుసు. 'ఇక్కడున్నట్టు ఎవరికీ చెప్పకూడదు. భర్త వెతుకుతున్నాడు.' ఆ పిల్ల మొగుడు పెట్టే హింస పడలేక, మూడేళ్ళ కూతుర్ని చంకనేసుకుని ఎనిమిది నెలల కిందట పిన్ని అప్పలకొండమ్మ ఇంటికి పారిపోయి వచ్చింది. ఎడమ చెయ్యి విరిగి అతుక్కుంది, ఇప్పటికీ బిందె ఎత్తలేదు. పాపని బాలవాడిలో వెయ్యడానికి అడ్రసు కావాలంటే, "ఓటు ఇక్కడికి మార్పించుకోమ్మా," అని చెప్పి కాగితం నింపి పెట్టింది సత్యవేణే. అప్పుడు జాలిపడింది. ఇప్పుడు అదే జాలి పాము పిల్లలాగ కనిపించింది.

వెళ్ళింది. అప్పలకొండమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు పిక్క తీస్తోంది. "రండి టీచరుగారూ. మళ్ళీ ఓట్లొచ్చీసినాయేటి?"

"సవరణ. రోహిణి ఉందా?"

రోహిణి మెట్లు దిగి వచ్చింది. సన్నగా, భయంగా, కళ్ళతో ముందు వీధి చివర చూసి ఆ తర్వాత మనిషిని చూసింది. బూడిదరంగు చీరే కట్టుకుని ఉంది, కానీ సత్యవేణి కళ్ళకి అదీ పసుపే.

"సాయంత్రాలు ఏం చేస్తావమ్మా?" అంది సత్యవేణి. జాబితాలో ఎక్కడా లేని ప్రశ్న అది.

"ఏం చేస్తాను టీచరుగారూ. పాపని పడుకోబెడతాను."

"ఫోనులో ఎవరితోనైనా మాట్లాడతావా?"

ఆ పిల్ల మొహం పాలిపోయింది. "ఫోను లేదండి. అతను కనిపెట్టేస్తాడని పారేశాను. ఎందుకలా అడిగారు? ఎవరైనా వచ్చారా?"

దొంగకి భయం ఎక్కువ అనుకుంది సత్యవేణి. అనుకుని, సమాధానమైనా చెప్పకుండా తిరిగి వచ్చేసింది. తరవాత్తరవాత ఆ ఒక్క సంగతి తలచుకుని ఆవిడ చాలా ఏడ్చింది. కానీ ఆ పూట ఏడుపు వేరు.

ఆదివారం మధ్యాహ్నం. భోంచేసి పైడిరాజు గుర్రుపెడుతున్నాడు. టేబుల్ మీద ల్యాప్‌టాప్ తెరిచే ఉంది, 'జనఛాయ' గుర్తుతో. సత్యవేణి కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ రోహిణి చెప్పదు, దాని ఛాయ చెబుతుంది కదా! పేరు కొట్టింది. పసుపు గీత ఒకటి తెర మీద వణికింది, ఆ తర్వాత గొంతు వచ్చింది. సన్నగా, మెట్లు దిగి వచ్చిన పిల్ల గొంతుకి దగ్గరగా.

"నీకు పైడిరాజు తెలుసా?" అంది సత్యవేణి పళ్ళు బిగించి.

"తెలీదండి. నేను ఎవరితోనూ మాట్లాడను. నేనిక్కడున్నట్టు ఎవరికీ చెప్పకూడదు. మా ఆయన వెతుకుతున్నాడు."

"ఇక్కడంటే ఎక్కడ?"

"రేషన్ షాపు వెనక, అప్పలకొండమ్మ గారింటి మీద మేడగది. ఎవరికీ చెప్పకండేం."

అవి సత్యవేణి మాటలు. అక్షరం పొల్లుపోకుండా తన పెన్సిలు రాతలు. ఇంకో పేరు కొట్టింది. "నాకు చెవుడండి, ఎడం పక్కకి రండి," అంది ముసలి గొంతు. ఇంకోటి. "పెద్దవాడి పేరెత్తకండమ్మా," అంది ఇంకో గొంతు, ఏడుపు ఆపుకుంటూ. ఎత్తకూడదని తను దాచిందంతా, ఎత్తకుండానే చెప్పేస్తోంది మర.

"ఏమండీ, లేవండి!"

పైడిరాజు కళ్ళు నులుముకుంటూ వచ్చి తెర చూశాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అడక్కుండానే చెప్పేశాడు. "నువ్వు స్నానానికెళ్ళినప్పుడు ఫోటోలు తీశాను. ఆరేళ్ళ జాబితాలు. ఛాయలకి ప్రాణం రావట్లేదు సత్యా, చక్రపాణి గారు రోజూ తిడుతున్నారు. నీ రాతలు వెయ్యగానే... ఎంత బాగా మాట్లాడాయో తెలుసా?"

"రేపేం చేస్తారు వీటిని?"

పైడిరాజు నేల చూశాడు. "రేపు పదింటికి మన బూత్‌ని నమూనాగా బయటికి వదులుతున్నారు. ఎవరైనా పేరు కొట్టి మాట్లాడి చూడొచ్చు. నచ్చితే మిగతా ఊళ్ళు కొనుక్కుంటారు."

ఎవరైనా. అందులో ఎనిమిది నెలలుగా వెతుకుతున్న రోహిణి మొగుడు కూడా.

సత్యవేణి తల పట్టుకుంది. అయినా, చూడండి ఆడదాని మనసు, ఆ దడలో కూడా ముల్లు ముల్లే. "మరి సాయంత్రాలు మీరు నవ్వేది ఎవరితో? రోహిణి కాదని తేలింది. ఆ పసుపు చీరది ఎవర్తి?"

పైడిరాజు మీట నొక్కి తెర తిప్పి చూపించాడు. పద్నాలుగేళ్ళ కిందటి జాబితా, రంగుల ఫోటో. పసుపు చీర, రెండు జడలు పోయి ఒక జడ వచ్చిన కొత్త, నుదుటి మీద వంకర బొట్టు. వరస సంఖ్య నాలుగు వందల పదిహేడు. కొల్లి సత్యవేణి, భర్త పైడిరాజు, వయసు ఇరవై నాలుగు.

తన వరస దగ్గర తనే ఆగలేదు. 'ఈ ఇంటికి వెళ్ళక్కర్లేదు' కదా.

"అందరికంటే బాగా మాట్లాడేది నీ ఛాయే," అన్నాడు పైడిరాజు మెల్లగా. "పెన్సిలు నీదే కదా. నీ రాతల్ని ఆ ఏడాది జాబితా మీద పెట్టి చూశాను, ఊరికే. తను 'కాఫీ తాగారా?' అంది."

సత్యవేణికి ముందు ఊపిరి వచ్చింది. పరాయి ఆడది కాదు, తనే! ఆ ఊపిరి గుక్కెడు కూడా నిలవలేదు. పరాయిదైతే జుట్టు పట్టుకోవచ్చు, నలుగుర్లో పెట్టొచ్చు, నాలో లోటేమిటని మొగుణ్ణి నిలదీయొచ్చు. దీన్నేం చేస్తుంది? తన మొహంతో, తన పేరుతో, మోకాళ్ళ నొప్పి లేకుండా, స్కూలు పుస్తకాల కట్టలు లేకుండా, ఎప్పుడూ ఇరవై నాలుగేళ్ళే ఉండే సవతి. ఇంత మంట ఆవిడకి ఏ రోహిణి మీదా పుట్టలేదు.

"నేను రోజూ అడుగుతాను కాఫీ తాగారా అని," అంది.

"అవును," అన్నాడు పైడిరాజు.

"చెరిపేయండి. అందర్నీ."

"నా చేతిలో లేదు. ఒకసారి ఒప్పుకున్న ఛాయ పోవాలంటే, ఆ ఛాయే వద్దని చెప్పాలి. చక్రపాణి గారు పెట్టిన రూలు. ఎవడు వద్దంటాడులే అని పెట్టారు."

సత్యవేణి కొంగు దోపుకుంది. చీపురు పట్టినప్పుడూ పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడూ దోపినట్టే. "పదండి మీ ఆఫీసుకి."

ఇద్దరూ స్కూటరెక్కి వెళ్ళారు. కొండ మీద ఆఫీసులో కాపలాదారు తప్ప ఎవరూ లేరు. గాజు గదిలో మైకు, తెర, కిటికీలో సముద్రం. గోడ మీద పెద్ద బోర్డు, 'రేపే: నూట పన్నెండు.' పైడిరాజు తను తీసిన జాబితా ఫోటోలన్నీ చెరిపేసి, మరని తెరిచి, వద్దనే మాట నమోదయ్యే చోటు చూపించి పక్కకి జరిగాడు.

సత్యవేణి తన జాబితా ఒళ్ళో పెట్టుకుంది. మొదటి వీధి, మొదటి ఇల్లు. నిజంగా తిరిగినట్టే తిరిగింది. ఇంట్లో ఒక్కరు చెబితే అందరూ చెప్పినట్టే అన్న బూత్ పద్ధతి మరకి ఆవిడ రాతల్లోంచే పట్టుబడింది కాబట్టి, ఇంటికొక్కరు చాలు. రెండు వందల ముప్పై ఇళ్ళు.

"ఎవరండీ?"

"ఓట్ల టీచర్ని."

"ఆఁ, రండి టీచరుగారూ. సంతకం ఎక్కడ పెట్టమంటారు?"

"సంతకం కాదు తాతగారూ. ఈ మరలోంచి మీ పేరు తీసెయ్యమని చెప్పండి. ఎందుకంటే..."

"ఎందుకైతే ఏటమ్మా, నువ్వు చెప్పీసినావు కదా. తీసీయండి."

అందరూ ఇంతే. ఎందుకని అడిగినవాడు లేడు. ఆ నమ్మకం చూస్తే ఆవిడకి సంతోషం కాదు, సిగ్గేసింది. ఇదే గొంతుతో ఎవరొచ్చి ఒప్పుకోమన్నా ఒప్పుకుంటారు వీళ్ళు. ఒప్పుకునే ఇంతదాకా వచ్చారు. మాటల్లేని అన్నదమ్ములు ముగ్గుర్నీ విడివిడిగా అడిగింది. చెవిటాయనకి మైకుని ఎడం పక్కకి జరిపింది, అవసరం లేకపోయినా. రోహిణి వంతు వచ్చింది. "ఎవరికీ చెప్పరు కదా?" అంది ఛాయ. "చెప్పను తల్లీ," అంది సత్యవేణి, ఆరేళ్ళ రాతలకీ కలిపి.

సముద్రం మీద ఎండ పలచబడేసరికి మిగిలింది ఒక ఇల్లు. తమ ఇల్లు.

పైడిరాజు ఛాయని ముందు పిలిచింది. "ఏదైనా సత్యని అడగండి. మా ఇంట్లో అన్నీ తనే," అందది, అచ్చం అతని గొంతుతో. పక్కన నిలబడ్డ అసలు పైడిరాజు గోడ వైపు తిరిగాడు.

నాలుగు వందల పదిహేడు.

"ఎవరండీ?" అంది తన గొంతు. మనిషికి తన గొంతు బయట వింటే పరాయిగా ఉంటుందంటారు. ఇది పరాయిగానే ఉంది, లేతగా, ఎక్కడో నవ్వు దాచుకుని.

"ఓట్ల టీచర్ని."

"ఈ ఇంటికి రానక్కర్లేదని రాసుకున్నారు కదా మీరు?"

సత్యవేణి మైకు దగ్గరికి జరిగింది. "నీ పేరు తీసెయ్యమని చెప్పు."

"చెప్పను. మీరు రానక్కర్లేదనుకున్న ఇంటికి ఆయనొక్కరే వచ్చారు."

"ఆయన నా మొగుడు."

"నాకూనూ."

సత్యవేణి ఒళ్ళో జాబితా మూసేసింది. "ఆయన మీ ఇంట్లో భోంచేస్తారు, మీ పక్కన పడుకుంటారు," అంది ఛాయ. "నాకున్నది అరగంట. అది కూడా మీరు ఓర్చుకోలేకపోతున్నారు."

"నిజమే. ఓర్చుకోలేకపోతున్నాను," అంది సత్యవేణి. "కానీ ఇది నీ గురించీ నా గురించీ కాదు. మెట్ట మీద వాళ్ళ గుట్లన్నీ నేను రాసినవి, నువ్వు నా రాతల్లోంచి పుట్టినదానివి. నువ్వొక్కర్తివి మిగిలితే చాలు, నిన్నడిగి అందరి సంగతీ తెలుసుకుంటారు. ఆ మేడగదిలో ఇప్పుడో పిల్ల ఉంది."

"నాకు తెలుసు. ఎవరికోసమో నేనెందుకు పోవాలి?"

సత్యవేణికి కోపం రాలేదు. ఇరవై నాలుగేళ్ళప్పుడు తనూ ఇదే అని ఉండేది. అప్పుడు ప్రపంచమంటే ఆ రేకుల గదీ, అందులో నోరు విప్పని ఒక మొగుడూను. ఆవిడ లేచి కుర్చీ పైడిరాజు వైపు తోసింది. "మీరే అడగండి. మీ మాటైతే వింటుంది."

భార్య పక్కన కూర్చుని మొగుడు ఇంకొకర్తెతో మాట్లాడ్డం వినాలి. ఇంతకంటే శిక్ష ఏ సవతి పోరులోనూ ఉండదు.

"సత్యా," అన్నాడు పైడిరాజు. ఆ పిలుపుకి ఇద్దరూ కదిలారు.

"వచ్చారా! కాఫీ తాగారా?"

"లేదు. ఒకటి చెప్పాలి నీకు." అతను రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. "ఆ గదిలో వాన పడితే రేకులు కారేవి. నువ్వు కారేచోటల్లా గిన్నెలు పెట్టి, ఆ చుక్కల చప్పుడికి తగ్గట్టు పాడేదానివి. నేను పడుకున్నట్టు నటించేవాణ్ణి. లేస్తే ఆపేస్తావని. బాగుందని ఒక్కసారీ చెప్పలేదు."

సత్యవేణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ పాటలు ఎవరూ వినలేదనుకుంది ఆవిడ ఇన్నాళ్ళూ. ఎవరూ వినని పాటెందుకని ఎప్పుడో మానేసింది కూడా.

ఛాయ ఆ చప్పుడు పట్టుకుంది. "ఎవరో ఏడుస్తున్నారు. ఆవిడ అక్కడే ఉందా?"

"ఉంది."

"వింటోందా?"

"వింటోంది."

"అయితే ఆ మాట నాకెందుకు చెప్పారు?" గొంతులో దాచుకున్న నవ్వు పోయింది. "పక్కన ఇంకో ఆడదాన్ని కూర్చోబెట్టుకుని నాతో మాట్లాడే మొగుడు నాకొద్దు. నా పేరు తీసేయండి."

తెర మీద పసుపు గీత సన్నబడి, పోయింది. పైడిరాజు అలాగే కూర్చున్నాడు. అతని కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. అవి ఎవరికోసమో సత్యవేణికి తెలుసు. ఆ పోయినదాని మీద కూడా ఆవిడకి కుళ్ళే.

ఆ సాయంత్రమే ఆవిడ ఒక్కర్తే అప్పలకొండమ్మ ఇంటికెళ్ళి, రోహిణికి జరిగిందంతా చెప్పి చేతులు పట్టుకుంది. రోహిణి తిట్టలేదు. "ఒకసారి తెలిసిపోయిన గది దాక్కునే గది కాదు కదా టీచరుగారూ," అని మర్నాడు పొద్దున్నే పాపతో వెళ్ళిపోయింది. బాలవాడిలో పాప పేరున్న పలక అలాగే ఉండిపోయింది. ఎక్కడికని సత్యవేణి అడగలేదు. అడిగే హక్కు పోగొట్టుకుంది.

సోమవారం పదింటికి చక్రపాణి తెర తెరిస్తే, నూట పన్నెండులో ఒక్క గొంతూ లేదు. మండిపడ్డాడు గానీ, ఛాయ మాటే మనిషి మాట అన్నది ఆయనే. పైడిరాజుని ఉద్యోగంలోంచి తీసేసి, వేరే బూత్ జాబితా తెప్పించుకున్నాడు. పెన్సిలు రాతలు లేక అవి మొద్దుల్లాగే ఉన్నాయని వినికిడి. ఈ రోజుకి. రేపటి సంగతి ఎవరు చెప్పగలరు? పైడిరాజు ఇప్పుడు పూర్ణా మార్కెట్ దగ్గర కంప్యూటర్లు బాగుచేస్తున్నాడు. సాయంత్రం డాబా ఎక్కడు. నవ్వడు కూడా.

ఏడాది తిరిగి మళ్ళీ సవరణ వచ్చింది. సత్యవేణి జాబితా అంచులన్నీ తెల్లగా ఉన్నాయి. పెన్సిలు కొనలేదు. గుర్తుపెట్టుకోగలిగినంత గుర్తుపెట్టుకుంది, మర్చిపోయినచోట తిట్లు తింది. ఆఖరి రోజు సాయంత్రం అన్ని ఇళ్ళూ అయ్యాక, తన ఇంటి ముందు ఆగి చెప్పులు విప్పకుండా తలుపు కొట్టింది.

పైడిరాజు తలుపు తీసి తెల్లబోయాడు. "తాళం మర్చిపోయావా?"

"ఓట్ల టీచర్ని. ఇంట్లో ఎవరెవరున్నారండీ?"

అతను ఆవిడ మొహంలోకి చూశాడు. పరిహాసం కాదని అర్థమైంది. తలుపు పట్టుకుని బుద్ధిగా నిలబడ్డాడు. "ఇద్దరం."

"మీ భార్య పేరు?"

"సత్యవేణి."

"వయసు?"

"ముప్పై తొమ్మిది," అన్నాడు, ఒక్క క్షణం ఆగకుండా.

సత్యవేణి పెన్ను ఆగింది. "అంత ఠక్కున ఎలా చెప్పారు?"

పైడిరాజుకి అబద్ధం చేతకాదు. "ఇరవై నాలుగుకి పదిహేను కలిపాను."

ఆవిడకి చురుక్కుమంది. పదిహేనేళ్ళకి సరిగ్గా చెప్పాడు, అదీ దాని పుణ్యమే. అయినా ముప్పై తొమ్మిది అని రాసుకుంది. రాసుకుని అక్కడే నిలబడింది.

"ఇంకేమైనా అడగాలా?" అన్నాడు పైడిరాజు.

"ఒకటుంది," అంది సత్యవేణి. "ఆ వాన సంగతి ఇంకోసారి చెప్పండి. ఈసారి నాకు."